మొదటి ముప్పై పేజీలు దాటిస్తే చాలు: పిల్లల చేత పుస్తకం మొత్తం చదివించడం ఎలా?

పాఠ్యపుస్తకంలో కథ రెండు మూడు పేజీలుంటుంది. కింద ఆరు ప్రశ్నలుంటాయి. పిల్లలు ముందు ప్రశ్న చూసుకుంటారు, జవాబు ఏ లైన్లో ఉందో వెతుకుతారు, దాని కింద పెన్సిల్‌తో గీత గీస్తారు. పని అయిపోతుంది. ఇలా ఏడెనిమిదేళ్ళు చదువుకున్న పిల్లల చేతికి నూట యాభై పేజీల పుస్తకం ఒకటి ఇచ్చి చూడండి. క్లాసులో ఫస్ట్ వచ్చేవాళ్ళు కూడా పదో పేజీ దగ్గర ఆగిపోతారు. అంత దూరం వాళ్ళని ఎవరూ ఎప్పుడూ నడిపించలేదు మరి.

పుస్తకం మొత్తం చదవడానికి వేరే రకం ఓపిక కావాలి. ఇరవై పేజీల కింద చూచాయగా చెప్పిన విషయం గుర్తుపెట్టుకోవాలి. మొదట్లో మంచివాడనుకున్న మనిషి మీద అభిప్రాయం మార్చుకోవాలి. నిన్న ఆపిన చోట ఇవాళ మళ్ళీ అందుకోవాలి. విసుగు పుట్టించే పేజీని ఓర్చుకుని దాటాలి. రెండు పేజీల ముక్కలు ఎన్ని చదివినా ఇవి అలవడవు.

ఇన్నేళ్ళుగా క్లాసులోనూ ఇంట్లోనూ పిల్లల పక్కన కూర్చుని చూసినదాన్ని బట్టి ఒక్క మాట గట్టిగా చెప్పగలను. పిల్లలు పుస్తకాన్ని వదిలేసేది ఎక్కువగా మొదటి ముప్పై పేజీల్లోనే. ఆ ముప్పై పేజీలూ పెద్దవాళ్ళు తోడుంటే, తర్వాత దారి చాలావరకు వాళ్ళే చూసుకుంటారు. కింద చెప్పే పద్ధతంతా దీని మీదే నిలబడి ఉంది.

1. ముందు అడ్డం ఎక్కడుందో కనుక్కోండి

"మావాడికి చదవడం ఇష్టం లేదండీ" అని చాలామంది తల్లిదండ్రులు అంటారు. ఇష్టం సంగతి తర్వాత. ముందు వాడికి చదవడం ఎంత కష్టంగా ఉందో చూడాలి.

చదివింది అర్థం కావడం గురించి ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు 1986లో ఒక సులువైన లెక్క చెప్పారు. అక్షరాలు చూసి మాటను పోల్చుకునే శక్తి ఒకటి, చెవిన పడ్డ భాషను అర్థం చేసుకునే శక్తి ఇంకొకటి. చదివి గ్రహించడం ఈ రెండింటి గుణకారం. గుణకారం కాబట్టి ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నాయే.

దీన్ని ఇంట్లో పది నిమిషాల్లో పరీక్షించవచ్చు. పుస్తకంలో ఒక పేజీ మీరు చదివి వినిపించి, "ఏం జరిగిందో చెప్పు" అనండి. తర్వాతి పేజీ పిల్లల చేత పైకి చదివించి అదే అడగండి. వింటే చక్కగా చెప్పి, తాను చదివినప్పుడు చెప్పలేకపోతే మాటలు పోల్చుకోవడం దగ్గరే ఇబ్బంది ఉంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివేవాళ్ళకి వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోవడం సహజం. అలాంటి పిల్లలకి లావు పుస్తకం ఇచ్చి "చదువు" అనడం అన్యాయం. రోజూ కాసేపు చదవడం మీద సాధన చేయిస్తూ, పుస్తకాలు మాత్రం మీరే చదివి వినిపించండి. విన్నా అర్థం కాకపోతే మాటలు తెలియడం లేదనో, ఆ విషయం కొత్తదనో అనుకోవాలి. అప్పుడు ఇంకాస్త తేలిక పుస్తకం తీసుకోవాలి.

కళ్ళు కూడా ఒకసారి చూపించండి. పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకోవడం, లైన్ తప్పిపోవడం, చదివిన కాసేపటికే తలనొప్పి అనడం కనిపిస్తే ముందు డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి.

2. పుస్తకం ఎంచుకునేది పిల్లలు, దొరికేలా పెట్టేది మీరు

"నీకు ఏది కావాలంటే అది తీసుకో" అని లైబ్రరీలో వదిలేస్తే పిల్లలు తికమకపడతారు. "ఇదే చదవాలి" అంటే మొదటి రోజే మొహం చిట్లిస్తారు. మధ్యే మార్గం ఒకటుంది. మీరు ముందే ఆరు పుస్తకాలు ఏరి బల్ల మీద పరచండి. ఒక్కోదాని గురించి రెండు ముక్కలు చెప్పండి, లేదా ఆసక్తిగా ఉండే ఒక పేరా చదవండి. ఆరింటిలో ఏది తీసుకోవాలో వాళ్ళిష్టం.

కష్టం ఎంతో తెలుసుకోవడానికి టీచర్లు వాడే ఐదు వేళ్ళ పద్ధతి ఉంది. మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదవమని, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్ళూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఒంటరిగా చదవడానికి ప్రస్తుతానికి కష్టం. రెండు మూడైతే పరవాలేదు. ఇది ఉజ్జాయింపు మాత్రమే. ఇష్టమైన విషయమైతే పిల్లలు కష్టమైన పుస్తకాన్ని కూడా పట్టు పట్టి చదువుతారు.

ఇష్టమైన విషయం గురించి ముందే తెలిసి ఉండటం ఎంత పనిచేస్తుందో చూపించే ప్రయోగం ఒకటి 1988లో అమెరికాలో జరిగింది. డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు 64 మంది విద్యార్థులకి బేస్‌బాల్ ఆట గురించి రాసిన భాగం ఇచ్చి చదివించారు. చదవడంలో వెనకబడినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కంటే మెరుగ్గా అర్థం చేసుకున్నారు. కాబట్టి మీ అమ్మాయికి గ్రహాల పిచ్చి ఉంటే గ్రహాల పుస్తకంతోనే మొదలుపెట్టండి. కథల పుస్తకమే అయ్యుండాలన్న నియమం లేదు.

బొమ్మల కథల పుస్తకాలు, కామిక్స్ కూడా లెక్కలోకి వస్తాయి. మొదటి నుంచి చివరిదాకా ఒక కథను పట్టుకుని వెళ్ళడం వాటిలోనూ ఉంటుంది. వరుస పుస్తకాలు, అంటే అవే పాత్రలతో రెండో భాగం, మూడో భాగం ఉన్నవి, మొదట్లో మరీ మంచివి. మొదటి పుస్తకంలో పడ్డ కష్టం రెండో పుస్తకంలో పడక్కర్లేదు. మనుషులు తెలుసు, ఊరు తెలుసు, రచయిత మాట తీరు తెలుసు.

3. మొదటి ముప్పై పేజీలు: ఇక్కడే అసలు పని

ఏ పుస్తకమైనా మొదలు కష్టంగానే ఉంటుంది. ఎవరు ఎవరో తెలియదు. కథ ఎక్కడ జరుగుతోందో తెలియదు. చెబుతున్నది ఎవరో ఒక్కోసారి అదీ తెలియదు. చదవడం అలవాటున్న పెద్దవాళ్ళం "ముందు ముందు తెలుస్తుందిలే" అని సాగిపోతాం. ఆ నమ్మకం పిల్లలకి ఇంకా లేదు. అర్థం కాకపోతే తప్పు తమదే అనుకుంటారు. "బోర్" అన్న మాట వెనక చాలాసార్లు ఉండేది ఈ బెంగే.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు జరిగింది చెబుతాను. 140 పేజీల పుస్తకం ఎంతో ముచ్చటపడి తెచ్చుకుంది. రెండు వారాలైనా బుక్‌మార్క్ పద్నాలుగో పేజీ దగ్గరే ఉంది. అడిగితే "బాలేదు" అంది. ఆ మాట వదిలేసి, "ఇప్పటిదాకా కథలో ఎవరెవరు వచ్చారు?" అని అడిగాను. ఇద్దరి పేర్లు చెప్పింది. పుస్తకం తీసి చూస్తే అప్పటికే ఆరుగురు వచ్చారు. అందులో అక్కాచెల్లెళ్ళ పేర్లు ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఆ ఇద్దరినీ ఒకరే అనుకుంది. ఒక పేజీలో ఊరెళ్ళిపోయిన మనిషి తర్వాతి పేజీలో వంటింట్లో మాట్లాడుతుంటే ఎవరికి మాత్రం అర్థమవుతుంది?

ఆ రాత్రి బుక్‌మార్క్ తీసి దాని వెనక ఆరు పేర్లు రాశాం. ఒక్కో పేరు పక్కన తనే నాలుగు మాటలు రాసింది: "పెద్దక్క, కోపం ఎక్కువ", "తాతయ్య, చెవులు వినపడవు". మళ్ళీ మొదటి పేజీ నుంచి నేను పైకి చదివాను. అక్కకి ఒక గొంతు, చెల్లెలికి ఒక గొంతు పెట్టాను. రెండో రాత్రి ఒక పేజీ నేను, ఒక పేజీ తను. మూడో రాత్రి ముప్పై ఒకటో పేజీలో పడవ తాడు తెగే చోటుకి వచ్చాం. అక్కడ పుస్తకం మూసేసి లైటు తీసేశాను. పొద్దున చూస్తే బుక్‌మార్క్ యాభై ఎనిమిదో పేజీలో ఉంది.

ఆ మూడు రాత్రుల్లో చేసిన పనుల్నే వరుసగా చెబుతాను. మొదటి అధ్యాయం మీరే పైకి చదవండి. వచ్చిన పాత్రల పేర్లు ఒక చీటీ మీద పిల్లల చేతే రాయించండి, ఆ చీటీయే బుక్‌మార్క్. రెండో రోజు నుంచి పేజీ పేజీకి మారుతూ చదవండి. ఆపేటప్పుడు అధ్యాయం చివర ఆపకండి. అధ్యాయం ముగిస్తే మనసు కూడా "అయిపోయింది" అనుకుంటుంది. ఏదో జరగబోతుండగా ఆపితే రేపటి దాకా ఆ కథ లోపల తిరుగుతూనే ఉంటుంది. పిల్లలు మీకంటే ముందుకు వెళ్ళిపోయిన రోజు మీరు తప్పుకోండి.

చదివి వినిపించడం చిన్నపిల్లలకే అనుకుని, అక్షరాలు రాగానే చాలా ఇళ్ళలో మానేస్తారు. దయచేసి మానకండి. పన్నెండేళ్ళ పిల్లలు కూడా వింటారు, కాస్త బెట్టు చేసినా సరే. తాము సొంతంగా చదవగలిగేదానికంటే కష్టమైన పుస్తకాన్ని వాళ్ళు విని అర్థం చేసుకోగలరు.

4. రోజుకి ఇరవై నిమిషాలు, ఒకే వేళకి

లెక్క వేసి పిల్లలకి చూపించండి. పేజీకి రెండు నిమిషాలు పడితే ఇరవై నిమిషాల్లో పది పేజీలు. 120 పేజీల పుస్తకం పన్నెండు రోజులు. కొండలా కనిపించిన పుస్తకం రెండు వారాల పని అని తేలేసరికి సగం భయం పోతుంది.

వేళ మాత్రం మార్చకండి. పడుకునే ముందైతే ప్రతిరోజూ పడుకునే ముందే. ఆదివారం గంటన్నర చదివి వారమంతా ముట్టకపోతే, మళ్ళీ తెరిచేసరికి కథ మర్చిపోతారు, మొదటి పేజీల కష్టం మళ్ళీ మొదటికొస్తుంది. పుస్తకం మొత్తం చదివించడంలో రోజూ చదవడం ముఖ్యమనేది ఇందుకే.

ఆ ఇరవై నిమిషాలు ఫోన్లన్నీ ఇంకో గదిలో ఉండాలి, మీది కూడా. పక్కనే కూర్చుని మీరూ ఏదైనా చదువుకోండి.

కాగితం మంచిదా, స్క్రీన్ మంచిదా అని తరచూ అడుగుతారు. 2018లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష 54 అధ్యయనాలను, లక్షా డెబ్భై వేల మందికి పైగా పాఠకుల ఫలితాలను కలిపి చూసింది. మొత్తం మీద కాగితం మీద చదివినవాళ్ళకే ఎక్కువ అర్థమైంది. సమాచారం ఇచ్చే రచనల్లో ఈ తేడా కనిపించింది గానీ, ఉత్త కథల్లో కనిపించలేదు. కాబట్టి పుస్తకం దొరకనప్పుడు కథ స్క్రీన్ మీద చదివినా నష్టం లేదు. నోటిఫికేషన్లు ఆపేయండి, అది చాలు.

5. బడిలో: క్లాసంతా కలిసి ఒకే పుస్తకం

టీచర్ల మొదటి టెన్షన్ సిలబస్. రెండోది, వెనకబడిన పిల్లలు అంత పెద్ద పుస్తకం తట్టుకోలేరేమో అని. రెండో భయానికి ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన పరిశీలన మంచి జవాబు. ఇరవై మంది టీచర్లు తమ క్లాసుల్లో పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలకి పన్నెండు వారాల్లో రెండు నవలలు, అవీ కాస్త కష్టమైనవే, ఒకదాని వెనక ఒకటి, మామూలుకంటే వేగంగా మొత్తం చదివించారు. ఆ పన్నెండు వారాల్లో పిల్లల గ్రహణశక్తి సగటున, మామూలుగా ఎనిమిదిన్నర నెలల్లో పెరిగేంత పెరిగింది. చదవడంలో వెనకబడినవాళ్ళకైతే పదహారు నెలల్లో పెరిగేంత. తేలిక ముక్కలే ఇస్తూ మనం ఎవరిని కాపాడుతున్నామనుకుంటున్నామో, పూర్తి పుస్తకం వల్ల ఎక్కువ లాభపడింది వాళ్ళే.

ఇక్కడ వేగం చాలా ముఖ్యం. పేజీకోసారి ఆగి అర్థాలు రాయించి, అలంకారాలు గుర్తించమంటే నవల మూడు నెలలు సాగుతుంది, కథ చచ్చిపోతుంది. నలభై నిమిషాల పీరియడ్‌లో ముప్పై నిమిషాలు చదవడానికే పెట్టండి. పైకి చదివితే పదిహేను పేజీలవుతాయి. 150 పేజీల పుస్తకానికి పది పీరియడ్లు. వారానికి నాలుగైతే రెండున్నర వారాలు. సిలబస్‌లో ఇంత చోటు దొరకదా?

పీరియడ్ ఎలా నడపాలంటే, మొదటి రెండు నిమిషాలు నిన్నటి కథ ఒకరి చేత చెప్పించండి. నిన్న రానివాళ్ళకి అదే దారి. తర్వాత టీచరే పైకి చదవాలి, పిల్లలు తమ పుస్తకంలో చూస్తూ అనుసరించాలి. ప్రతులు చాలకపోతే ఇద్దరికి ఒకటి. మరీ తెలియకపోతే కథ అందని మాటలకి మాత్రం, ఆగకుండా, పక్కనే ఒక తేలిక మాట చెప్పి సాగిపోవాలి. చివరి ఐదారు నిమిషాలు మాట్లాడుకోవడానికి.

వరుసగా ఒక్కొక్కరిని లేపి తలా ఒక పేరా చదివించే పద్ధతి మానేయమని గట్టిగా చెబుతాను. తన వంతు ఏ పేరాకి వస్తుందో లెక్కపెట్టుకుంటూ కూర్చున్న పిల్లవాడికి కథ వినపడదు. తడబడేవాడికి నలుగురి ముందు చిన్నతనం, వినేవాళ్ళకి విసుగు. ఇష్టంగా చేతులెత్తినవాళ్ళ చేత, ముందురోజే ఆ పేజీ ఇచ్చి సాధన చేయించి, చదివించండి. అప్పుడు అది నలుగురికీ వినసొంపుగా ఉంటుంది.

మౌనంగా చదువుకునే పీరియడ్ పెట్టేవాళ్ళు ఒకటి గమనించాలి. అందరి చేతిలో పుస్తకం ఉంది, క్లాసు నిశ్శబ్దంగా ఉంది అంటే అందరూ చదువుతున్నట్టు కాదు. కొందరు ముప్పై నిమిషాలూ అదే పేజీ చూస్తూ కూర్చుంటారు. ఆ సమయంలో టీచర్ రోజుకి నలుగురి పక్కన రెండేసి నిమిషాలు కూర్చుని, మెల్లగా "ఎక్కడున్నావు, ఏమవుతోంది?" అని అడిగి, పేజీ నంబరు నోట్ చేసుకోవాలి. వారం తర్వాత కూడా నంబరు కదలకపోతే ఆ పిల్లవాడికి పైన మూడో అంచెలో చెప్పిన మొదటి ముప్పై పేజీల పని మళ్ళీ మొదలుపెట్టాలి.

6. నడుమ సన్నగిల్లినప్పుడు

సగం పుస్తకం దగ్గర ఇంకో పల్లం వస్తుంది. కొత్తదనం పోయింది, ముగింపు ఇంకా కనపడదు. అప్పుడు ఒక రాత్రి మళ్ళీ మీరు చదవండి. లేకపోతే "ఇప్పటిదాకా కథంతా నాకు చెప్పు, నాకు తెలియదు కదా" అనండి. చెబుతూ చెబుతూ వాళ్ళకే తర్వాతేమవుతుందో తెలుసుకోవాలనిపిస్తుంది. పేజీలకి పేజీలు వర్ణన ఉంటే దాటేయనివ్వండి. అది మోసమేమీ కాదు.

అసలే నచ్చకపోతే? వదిలేయవచ్చు. కాకపోతే వదలడానికి ముందు ఒక హద్దు పెట్టుకోండి, యాభై పేజీలో, పుస్తకంలో మూడో వంతో. ఆ హద్దు దాకా చదివాక కూడా వద్దంటే, ఎందుకు వద్దో ఒక్క మాట చెప్పించి, ఆ రోజే ఇంకో పుస్తకం ఎంచుకోనివ్వండి. పుస్తకం మంచం కింద పడి ఉండటం, గిల్టీగా అనిపించడం, మళ్ళీ ఏ పుస్తకమూ ముట్టకపోవడం, మనం తప్పించాల్సింది దీన్ని. వరుసగా మూడు పుస్తకాలు వదిలేశారంటే మాత్రం తప్పు పుస్తకాలది కాదు. మొదటి అంచెకి వెళ్ళి చూడండి.

7. పరీక్ష పెట్టకండి, మాట్లాడండి

"ఇందులో నీతి ఏమిటి?" అని అడగగానే పిల్లలు పరీక్ష మోడ్‌లోకి వెళ్ళిపోతారు. "ఎవరి మీద నీకు బాగా కోపం వచ్చింది?", "నువ్వైతే ఆ ఉత్తరం చింపేసేదానివా?", "వాడు అబద్ధం చెబుతున్నాడని నీకు ముందే తెలిసిందా, ఎక్కడ?" ఇలాంటివి అడగండి. చివరి ప్రశ్నకి పిల్లలు పేజీలు వెనక్కి తిప్పి మరీ వెతుకుతారు. పాఠంలో మనం నేర్పాలని తాపత్రయపడేది ఇదే.

బహుమతుల విషయంలో జాగ్రత్త. 1973లో మార్క్ లెప్పర్ బృందం బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేసింది. "వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు, తర్వాత స్వేచ్ఛగా వదిలినప్పుడు బొమ్మలు వేయడం బాగా తగ్గించేశారు. చెప్పకుండా హఠాత్తుగా ఇచ్చినవాళ్ళలో ఆ తగ్గుదల లేదు. పేజీకింత అని డబ్బులిస్తే పిల్లలు పేజీలు లెక్కపెడతారు, అన్నిటికంటే సన్న పుస్తకం ఎంచుకుంటారు. గోడ మీద ఎవరెన్ని పుస్తకాలు చదివారో నక్షత్రాలు అంటించే చార్టు కూడా నాకు నచ్చదు. ఒక్క నక్షత్రం ఉన్న పిల్లవాడు రోజూ ఆ గోడను చూడాల్సి వస్తుంది.

8. అక్షరాలతో పోరాడే పిల్లలు

డిస్లెక్సియా, అంటే అక్షరాలు పోల్చుకుని చదవడంలో ఉండే ఇబ్బంది, ఉన్న పిల్లలకి తెలివికీ, కథ మీద ఆసక్తికీ లోటుండదు. వాళ్ళకి ఆడియో పుస్తకం పెట్టి, చేతిలో అదే పుస్తకం ఉంచి, వింటూ చూస్తూ వెళ్ళనివ్వండి. అలా ముగించిన పుస్తకం కూడా చదివిన పుస్తకమే, అలాగే లెక్కవేయండి. పెద్ద అక్షరాలు, లైన్ల మధ్య ఎడం ఉన్న ముద్రణ దొరికితే మేలు. వయసు పన్నెండై, చదివే స్థాయి ఎనిమిదేళ్ళదైతే, చిన్నపిల్లల బొమ్మ ఉన్న అట్ట వాళ్ళకి అవమానంగా ఉంటుంది. తేలిక మాటలతో, పెద్దపిల్లల సంగతులతో రాసిన పుస్తకాలు లైబ్రేరియన్‌ని అడిగి వెతకండి.

9. చివరి పేజీ వచ్చే ముందే

ఇంకా ఇరవై పేజీలు ఉండగానే తర్వాతి పుస్తకం ఇంట్లో ఉండాలి. పుస్తకం అయిపోయిన ఊపు రెండు రోజులకి మించి నిలవదు. ఈలోగా ఆరు పుస్తకాలూ మళ్ళీ బల్ల మీదికి రావాలి.

ముగించిన రోజు వ్యాసం రాయమని అడగకండి. ఒక నోటు పుస్తకం పెట్టి, పుస్తకం పేరు, రచయిత పేరు, తేదీ, ఎన్ని పేజీలు, ఒకే ఒక్క వాక్యం, అంతే రాయించండి. మా అమ్మాయి ఆ పడవ పుస్తకం గురించి రాసుకున్న వాక్యం "తాతయ్యకి నిజానికి అన్నీ వినపడతాయి". తన బుక్‌మార్క్ వెనక మొదటి రోజు రాసుకున్న మాట కొట్టేసి, పక్కన తేదీ వేసి, దాన్ని అదే పేజీకి అంటించింది.